కెనడా రాష్ట్రాల ముందు ఫ్రెంచిలో ఓ, ఆన్, ఆ: ఎక్కడ ఏది?

ఫలానా రాష్ట్రంలో అని చెప్పాలంటే ఫ్రెంచిలో పేరు ముందు ఓ (au), ఆన్ (en), ఆ (à)లలో ఒకటి వస్తుంది. టెఫ్ (TEF అనే ఫ్రెంచి భాషా పరీక్ష) రాసేవాళ్లు ఎక్కువగా జారిపడేది ఇక్కడే. పుంలింగమైతే 'ఓ': ఓ కెబెక్, ఓ మానిటోబా, ఓ నూవో-బ్రన్స్విక్. స్త్రీలింగమైతే 'ఆన్': అల్బెర్టా, సస్కాచ్వాన్, నువెల్-ఎకోస్, కొలొంబీ-బ్రితానిక్. చివర 'ఇ' (e) అక్షరం ఉందా అని వెతక్కండి. అల్బెర్టా, సస్కాచ్వాన్‌లకు అది లేదు, అయినా స్త్రీలింగాలే.

అసలు చిక్కు ఒంటారియోది. అది పుంలింగమే, కానీ అచ్చుతో మొదలవుతుంది కాబట్టి 'ఆన్' తీసుకుంటుంది. ఆ 'ఆన్' చూసి స్త్రీలింగం అనుకుని విశేషణానికి 'ఇ' తగిలిస్తే తప్పే.

ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవికి 'ఆ లీల్', న్యూఫౌండ్‌లాండ్‌కి ఆర్టికల్ లేకుండా ఉత్త 'ఆ'. వాయవ్య భూభాగాలు బహువచనం, అందుకే 'దాన్ లె'.

ఇంకోటి, ఇది మాత్రం గట్టిగా పట్టుకోండి: 'ఆ కెబెక్' అంటే నగరంలో, 'ఓ కెబెక్' అంటే రాష్ట్రంలో. మాంట్రియల్‌లో ఉంటూ 'ఆ కెబెక్' అని రాస్తే చిరునామాయే మారిపోతుంది.