మడత దగ్గర పెళ్లికార్డు పగలకుండా

300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) మందపు కార్డును నేరుగా మడిస్తే మడత వెంట రంగు పగిలి లోపలి తెలుపు బయటపడుతుంది. ముదురు రంగు నిండుగా వేసిన కార్డుల్లో ఇది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. డిజిటల్ ప్రింటులో టోనర్ (పొడి రంగు) కాగితం పైనే పొరలా ఉంటుంది కాబట్టి ఇంకా ఎక్కువ.

లేఅవుట్ మొదలుపెట్టక ముందే గ్రెయిన్, అంటే కాగితంలో నారలు సాగిన దిశ, చూడండి. షీటును నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మెల్లగా వంచండి. తేలిగ్గా వంగినప్పుడు ఆ వంపు గీత వెంటే గ్రెయిన్ ఉన్నట్టు. మడత కూడా దానికి సమాంతరంగా రావాలి. మడిచే ముందు క్రీజింగ్, అంటే మడత గీత వెంట నొక్కి గాడి వేయడం, తప్పనిసరి. క్రీజ్ ఉబ్బిన వైపు మడత లోపలికి ఉండాలి. దీన్ని తిరగేస్తే క్రీజింగ్ చేసినా పగులుతుంది.

ఆర్డరంతా మడవక ముందు ప్రింటైన కార్డులే రెండు మూడు మడిచి చూడండి, ఖాళీ కాగితం మీద రంగు పగులు తెలియదు.