ఇద్దరు చిన్నపిల్లలతో వేసవి సెలవులు: ఎండను బట్టి రోజును అమర్చుకోవడం ఎలా?

2025లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బడులకు ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 వరకు వేసవి సెలవులు ఇచ్చారు. లెక్కపెడితే 49 రోజులు. మా ఇంట్లో ఏడేళ్ల పాప, నాలుగేళ్ల బాబు ఉన్నారు. విజయవాడలో మూడంతస్తుల ఇంట్లో పై వాటా మాది. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి లోపలి గోడ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. ఆ వేడిలో ఇద్దరు పిల్లలతో ఏడు వారాలు ఎలా గడపాలో మూడు వేసవులు గడిస్తే గానీ మాకు ఒక దారి దొరకలేదు.

మొదట్లో పిల్లలకు పొద్దున్నుంచి రాత్రి దాకా ఏదో ఒక ఆట, ఏదో ఒక పని చూపించాలని తాపత్రయపడేవాళ్లం. మధ్యాహ్నానికి అందరం అలసిపోయేవాళ్లం. తర్వాత ఎండ ఎక్కే వేళ, దిగే వేళ చూసుకుని రోజును అమర్చుకోవడం మొదలుపెట్టాం. పిల్లల పేచీలు సగానికి సగం తగ్గాయి. అది ఎలాగో వరుసగా చెబుతాను.

1. ముందుగా రోజును మూడు ముక్కలు చేయండి

మే నెలలో విజయవాడ ప్రాంతంలో ఐదున్నర దాటగానే సూర్యోదయం అవుతుంది. అప్పటి నుంచి ఎనిమిదిన్నర దాకా ఉండే సమయం రోజు మొత్తంలో పిల్లలకు అన్నిటికంటే మంచిది. సెలవులే కదా అని తొమ్మిదింటి దాకా పడుకోనిస్తే ఆ చల్లని వేళ కాస్తా నిద్రలో పోతుంది. లేచేసరికి ఎండ, ఇక రోజంతా ఇంట్లోనే. అందుకని ఆరింటికల్లా లేపండి. తగ్గిన నిద్రను మధ్యాహ్నం ఓ గంటన్నర పడుకోబెట్టి పూడ్చవచ్చు. సైకిలు, బంతి, పరుగులు, మొక్కలకు నీళ్లు పోయడం, ఒళ్లు కదిలే పని ఏదున్నా పొద్దున్నే కావాలి. మేము వారానికి రెండుసార్లు ప్రకాశం బ్యారేజీ వైపు తీసుకెళ్తాం. కృష్ణ మీద నుంచి వచ్చే ఆ గాలికి పిల్లలు ఇంటికి రామంటారు.

రెండో ముక్క పదకొండు నుంచి నాలుగు దాకా. ఇది పూర్తిగా ఇంట్లోనే. ఎండ పడే వైపు కిటికీలకు తొమ్మిదింటికే తెరలు దించండి. వేడి లోపలికి వచ్చాక దించితే పెద్దగా ఫలితం ఉండదు. మూడోది ఐదు దాటాక. అప్పుడు మళ్లీ బయటికి. పార్కుకు తీసుకెళ్తే మాత్రం జారుడుబల్లను ముందు మీ అరచేత్తో తాకి చూడండి. ఇనుప బల్ల సాయంత్రం దాకా కాలుతూనే ఉంటుంది.

గోడ మీద గంటగంటకూ పట్టిక అంటించనక్కర్లేదు. ఈ మూడు గీతలు చాలు.

2. నీళ్లు, మజ్జిగ పిల్లల చేతికి అందేలా పెట్టండి

ఆటలో పడ్డ పిల్లలు దాహమేస్తున్నా చెప్పరు. అడిగితే వద్దంటారు. అందుకే మేము చిన్న మట్టికుండ ఒకటి కొని, కుళాయి బిగించినది చూసి, బాబు ఎత్తుకు సరిపోయే బల్ల మీద పెట్టాం. తన గ్లాసులో తానే నీళ్లు పట్టుకోవడం నాలుగేళ్లవాడికి పెద్ద గౌరవం. కింద కాసిని నీళ్లు ఒలుకుతాయి, ఒలకనివ్వండి. కొత్త కుండను ఒక రోజంతా నీళ్లలో నానబెట్టి వాడాలి. మట్టి సందుల్లోంచి ఊరే నీరు ఆవిరవుతూ లోపలి నీళ్ల వేడిని లాక్కుపోతుంది కాబట్టి, గాలి తగిలే చోట పెడితేనే నీళ్లు చల్లబడతాయి. అల్మారాలో మూల పెడితే చల్లబడవు. కూలరు పనిచేసేదీ ఇలాగే. అందుకే దాన్ని కిటికీ తెరిచి వాడాలి, కోస్తా ఉక్కలో అది అంతగా పనిచేయదు.

పదకొండింటికి ఒకసారి, నాలుగింటికి ఒకసారి పల్చటి మజ్జిగ ఇవ్వండి. చిటికెడు ఉప్పు, నలిపిన కరివేపాకు వేస్తే చాలు. పొద్దున రాగి జావ మంచిది. సబ్జా గింజలు ఇవ్వాలనుకుంటే బాగా నాని ఉబ్బిన తర్వాతే ఇవ్వండి. పొడి గింజలు పసివాళ్ల గొంతులో పడితే ప్రమాదం. ముంజలు పైతొక్క తీసి, చిన్న ముక్కలుగా కోసి పెట్టండి. ఇంట్లో ఆరు నెలలలోపు పసిబిడ్డ ఉంటే ఎంత ఎండలోనైనా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా పట్టకూడదు.

విరేచనాలు, వాంతులు పట్టుకుంటే ఓఆర్ఎస్ ఇవ్వాలి. ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఏళ్ల తరబడి మందుల షాపుల్లో తియ్యటి పానీయాలను ఓఆర్ఎస్ అన్న మాట తగిలించి అమ్మారు. వాటిలో చక్కెర ఎక్కువ, విరేచనాలు ఇంకా పెరగవచ్చు. హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్లపాటు దీని మీద పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరును అలా వాడకూడదని ఆదేశించింది. ఆమె చేసిన మేలు ఇంత అని చెప్పలేం. మీరు ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం అని ఉందో లేదో చూసుకుని కొనండి. పెద్ద ప్యాకెట్ అయితే మొత్తాన్ని ఒకేసారి లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి. గ్లాసులో కొంచెం పొడి, కొంచెం నీళ్లు అంటే పాళ్లు తప్పుతాయి. కలిపినది 24 గంటలు దాటితే పారబోయండి. ప్యాకెట్ దొరకని అర్ధరాత్రి అయితే లీటరు నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా అంటే టీ చెంచా, తలగొట్టి కొలవాలి.

3. మధ్యాహ్నానికి ఒక్క ఆట చాలు, ఇద్దరినీ ఒకే జట్టులో వేయండి

అక్కాతమ్ముళ్ల మధ్య మూడేళ్ల తేడా ఉంటే ఆడిన ప్రతి ఆటలో అక్కే గెలుస్తుంది. తమ్ముడు ఏడుస్తాడు. అక్క కావాలని ఓడిపోతే ఆమెకు ఆటే రుచించదు. మాకు దొరికిన ఉపాయం అష్టాచెమ్మా. అందులోనూ ఇద్దరూ ఒక జట్టు, ఎదురుగా పెద్దవాళ్లు.

నేల మీద సుద్దముక్కతో అడ్డం ఐదు, నిలువు ఐదు, మొత్తం 25 గళ్లు గీయండి. నాలుగు వైపులా మధ్య గడిలోనూ, నట్టనడుమ గడిలోనూ ఇంటూ గుర్తు పెట్టండి. అవి ఇళ్లు. అక్కడున్న కాయను ఎవరూ చంపకూడదు. నాలుగు గవ్వలు కావాలి. గవ్వలు లేకపోతే చింతగింజలను గరుకు నేల మీద ఒకవైపు తెల్లగా అయ్యేదాకా అరగదీయండి. ఈ అరగదీసే పనికే పాపకు అరగంట పట్టింది. వేళ్లు వేడెక్కుతున్నాయని ఊదుకుంటూ ఆ గింజను ఎంత ఇష్టంగా అరగదీసిందో! ఒక గింజ తెల్లగా పడితే ఒకటి, రెండు పడితే రెండు, మూడు పడితే మూడు. నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, అంటే నాలుగు. ఒక్కటీ పడకపోతే అష్టా, ఎనిమిది. అష్టా గానీ చెమ్మా గానీ పడితే మళ్లీ వేయవచ్చు.

మా బాబు పని గింజలు విసరడం, తెల్లవి ఎన్నో లెక్కపెట్టడం. ఏ కాయ జరపాలో ఆలోచించేది పాప. నాలుగేళ్లవాడికి నాలుగు దాకా లెక్క చాలు కాబట్టి తప్పు పోవడమన్నది లేదు. ‘అష్టా’ అని వాడు అరిచే అరుపు కింది వాటాకు కూడా వినిపిస్తుంది. నా కాయను చంపాల్సి వచ్చినప్పుడు ఇద్దరూ గుసగుసలాడుకుంటారు. పొద్దున బొమ్మ కోసం జుట్టు పట్టుకున్నది ఈ ఇద్దరేనా అనిపిస్తుంది. చింతగింజలు ఆట అయిపోగానే లెక్కపెట్టి డబ్బాలో వేయండి. ముక్కులో, చెవిలో పెట్టుకునే వయసు అది.

భోజనం, ఆట, నిద్ర. మధ్యాహ్నం అంతే. నిద్ర లేచాక పిల్లలు ‘ఏమీ తోచడం లేదు’ అంటారు. అప్పుడు మీరు ఏదీ చూపించకండి. ఓ పావుగంట విసుగు పడితే వాళ్లే దుప్పటి కప్పి గుడిసె కడతారు. ఫోను, టీవీకి ఒక గంట పెట్టుకోవచ్చు గానీ ఆ గంట రోజూ ఒకే వేళకు ఉండాలి. వేళ తెలియకపోతే పిల్లలు రోజంతా అడుగుతూనే ఉంటారు.

4. ఇంటి పనిలో నిజమైన పని ఇవ్వండి

ఆవకాయ రోజు ఇందుకు మంచిది. మార్కెట్లోనే ముక్కలు కొట్టించి తెచ్చాక, ప్రతి ముక్కకు లోపలున్న జీడి తీసేసి, టెంకకు అంటుకున్న పల్చటి పొర ఒలిచి, పొడిగుడ్డతో తుడవాలి. తడి ఉంటే పచ్చడి బూజు పడుతుంది. ఈ తుడిచే పని పిల్లలది. వాళ్లు తుడిచిన ముక్కలు నిజంగా జాడీలోకి వెళ్తాయి, ఏడాదంతా అన్నంలోకి వస్తాయి. ‘ఇది నేను తుడిచిన ముక్క’ అని డిసెంబరులో కూడా మా పాప అంటుంది. కారం, ఆవపిండి కలిపేటప్పుడు మాత్రం ఇద్దరినీ అవతలి గదిలో ఉంచండి. కలపడం అయ్యాక ఆ పళ్లెంలో మిగిలిన గుజ్జులో వేడి అన్నం, నెయ్యి వేసి కలిపి ముద్దలు పెట్టండి. చిన్నవాడి ముద్దలో నెయ్యి ఎక్కువ, గుజ్జు పేరుకు మాత్రమే.

మామిడిపండ్ల విషయంలో ఒక జాగ్రత్త. తినే ముందు అరగంట నీళ్లలో వేసి ఉంచండి. రసాలైతే పండును రెండు చేతులతో చుట్టూ మెల్లగా పిసికి, ముచ్చిక తీసి, ముందు వచ్చే నాలుగు చుక్కలు పిండేసి అప్పుడు నోటికి ఇవ్వండి. ఆ సొన తగిలితే పెదవుల చుట్టూ పొక్కుతుంది. ఇద్దరికీ చెరో పండు ఇవ్వండి. బంగినపల్లి కోసినప్పుడు టెంక ఎవరిదన్న తగాదా మాత్రం తప్పదు. మా ఇంట్లో సరి తేదీ పాపది, బేసి తేదీ బాబుది. క్యాలెండరు చూడటం వాడు అలాగే నేర్చుకున్నాడు.

5. పెద్దబిడ్డను ఆయాగా మార్చకండి

‘నువ్వు అక్కవు కదా’ అన్న మాట సెలవుల్లో నోటికి తేలిగ్గా వస్తుంది. ఆమెకూ ఏడేళ్లే. తమ్ముడిని చూసుకోమని పది నిమిషాలు అప్పగించవచ్చు, పూట కాదు. బాబు పడుకున్న గంటలో అరగంట ఆమెకే ఇవ్వండి. ఆ అరగంటలో ఏం చేయాలో ఆమె చెప్పాలి. అలాగే సాయంత్రం బాబుతో ఒక్కడితో కూరగాయల బజారుకు వెళ్లి రండి. ఇద్దరూ ఉన్నప్పుడు నోరు విప్పని సంగతులు విడివిడిగా ఉన్నప్పుడు చెబుతారు.

6. ఈ ప్రమాదాలు గుర్తుంచుకోండి

ఊరికి, అమ్మమ్మ ఇంటికి పంపితే మొదటి రోజే బావి, చెరువు, కాలువ, పొలాల్లో తవ్విన గుంటలు ఎక్కడున్నాయో అడగండి. నీటి దగ్గర పిల్లలు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఒక పెద్ద మనిషి ఉండాలి. పెద్దపిల్లల వెంట పంపడం చాలదు. ఆగి ఉన్న కారులో ఐదు నిమిషాలైనా పిల్లలను ఒంటరిగా వదలకండి.

ఎండలో ఆడిన పిల్లవాడు నీరసపడి, తలనొప్పి, వాంతి అంటే నీడకు తెచ్చి, బట్టలు వదులు చేసి, కొంచెం కొంచెంగా ఓఆర్ఎస్ పట్టండి. ఒళ్లు కాలిపోతూ, పిలిస్తే సరిగా పలకకపోయినా, ఫిట్స్ వచ్చినా అది వడదెబ్బ. వెంటనే 108కి ఫోన్ చేయండి. అంబులెన్స్ వచ్చేలోపు ఒళ్లంతా మామూలు నీళ్లతో తడిపి విసురుతూ ఉండండి. స్పృహ లేనప్పుడు నోట్లో నీళ్లు పోయకూడదు. జ్వరం మాత్ర ఈ వేడిని తగ్గించలేదు.

7. రాత్రి డాబా మీద పడుకోండి

పొద్దు పూర్తిగా వాలాక డాబా మీద నీళ్లు చల్లండి. మొదటి రెండు బకెట్లకు నేల నుంచి వేడి ఆవిరి కొడుతుంది. గంట ఆగి, చాపలు పరిచి, దోమతెర కట్టండి. మే నెలలో ఎనిమిదిన్నర ప్రాంతంలో ఉత్తరం వైపు చూస్తే సప్తర్షి మండలం బాగా పైన కనిపిస్తుంది. నాలుగు చుక్కలు మంచంలా, మూడు తోకలా ఉంటాయి. ఆ తోకలో నడిమి చుక్క వసిష్ఠుడు. దానికి ఆనుకుని మినుకుమినుకుమనేది అరుంధతి. పట్నం దీపాల వెలుగులో అది కనిపించడం కష్టమే. ముందు పాపకు కనిపించింది. బాబు చాలాసేపు ‘ఏదీ, ఏదీ’ అని అడిగి, కనిపించిందని చెప్పి, అంతలోనే నిద్రపోయాడు.

8. జూన్ మొదటి వారంలో

బడి తెరిచే ముందు వారంలో మధ్యాహ్నం నిద్రను రోజుకు పదిహేను నిమిషాల చొప్పున తగ్గించుకుంటూ రాత్రి త్వరగా పడుకోబెట్టండి. పాత బూట్లు తొడిగి చూడండి, ఏడు వారాల్లో పాదాలు పెరిగి ఉండవచ్చు. బాబు ఈసారి మొదటిసారి బడికి వెళ్తున్నట్లయితే, పొద్దున ఏడున్నరకు ఒకసారి బడి గేటు దాకా నడిపించుకుని వెళ్లి రండి. అక్కను కూడా వెంట తీసుకెళ్లండి, దారి చెప్పేది ఆమె.