హెల్లా హాస్సెను చదవడం ఎలా? ‘ఊరుగ్’తో మొదలుపెట్టండి

డచ్ రచయిత్రి హెల్లా హాస్సెను చదవాలనుకునేవాళ్ళు చాలామంది ముందు ఆమె లావుపాటి చారిత్రక నవల పట్టుకుంటారు. 1949లో వచ్చిన ఆ పుస్తకం పదిహేనో శతాబ్దపు ఫ్రెంచి కవి, రాజవంశీకుడు షార్ల్ దోర్లేయాఁ కథ. గొప్ప నవలే. కానీ అందులో రాజబంధువుల పేర్లే ముందు తల తిప్పేస్తాయి, యాభయ్యో పేజీ దగ్గర పుస్తకం మూతపడుతుంది. దాన్ని తర్వాతికి ఉంచుకోండి. ముందు జావా దీవి నేపథ్యంగా రాసిన మూడు నవలలు ఈ వరసలో చదవండి: ‘ఊరుగ్’ (1948), ‘హేరెన్ ఫాన్ ద తే’ (1992), ‘స్లూటెలోఖ్’ (2002). హాస్సె 1918లో బటావియాలో, అంటే నేటి జకార్తాలో పుట్టింది. చదువు కోసం 1938లో నెదర్లాండ్స్ వెళ్ళింది. ఈ మూడింటి మధ్యా యాభై నాలుగేళ్ళ దూరం ఉన్నా ఆమె వదలకుండా తవ్వింది ఒకే నేలని.

‘ఊరుగ్’ ఇంగ్లీషులో ‘ద బ్లాక్ లేక్’ పేరుతో ఇనా రిల్కె అనువాదంగా 2012లో వచ్చింది. ‘ఫరెవర్ ఎ స్ట్రేంజర్’ అనే పేరుతో అంతకు ముందొక అనువాదం ఉంది. పేర్లు వేరని రెండూ కొనకండి, కథ ఒకటే.

చదివేముందు పది నిమిషాలు పేర్ల మీద పెట్టండి. ఇండోనేషియా డచ్ వలసగా ఉన్న నాటి రాతలో ఓ, ఈ అనే రోమన్ అక్షరాలు పక్కపక్కన ఉంటే ‘ఉ’ అని పలకాలి. టి, జె కలిస్తే ‘చ’, డి, జె కలిస్తే ‘జ’, జె ఒక్కటే ఉంటే ‘య’. ఇది తెలియకపోతే పాత పుస్తకంలో పాత రాతలో కనిపించే సుకబుమి ఊరి పేరు నేటి మ్యాప్‌లో ఎంత వెతికినా దొరకదు. బాయిటెన్‌జోర్ఖ్ అంటే నేటి బోగోర్. మందూర్ అంటే తోటలో కూలీల మీద మేస్త్రి, బాబూ అంటే ఆయా. ‘దేశ’ అన్న మాట దగ్గర మాత్రం తెలుగువాళ్ళు జాగ్రత్తగా ఉండాలి. అక్కడ దానర్థం పల్లె. ‘తెలగ హిదెయుంగ్’ అంటే నల్ల చెరువు. ఆ ‘తెలగ’ మన తటాకానికి చుట్టమే.

ఇక ‘ఊరుగ్’ మొదటి వాక్యం. డచ్‌లో అది మూడు నాలుగు మాటలే: ఊరుగ్ నా స్నేహితుడుగా ఉండేవాడు. మనసులో తెలుగు చేసుకుంటూ చదివేవాళ్ళు ఇక్కడే జారిపోతారు. ‘ఊరుగ్ నా స్నేహితుడు’ అనుకుంటే తెలుగులో కాలం మాయమైపోతుంది, కథంతా ఆ కాలం మీదే నిలబడి ఉంది. స్నేహం ముగిశాక, ఎందుకు ముగిసిందో అర్థంకాక వెనక్కి తిరిగి చూసుకుంటున్నవాడి మాట అది.

కథ చెప్పేవాడికి పేరుండదు. తేయాకు తోట నడిపే డచ్ అధికారి కొడుకు. ఊరుగ్ ఆ తోట మందూర్ కొడుకు. వంద పేజీల చిన్న నవల కాబట్టి మొదటిసారి ఒకే పూటలో చదివేయండి. రెండోసారి కాగితం మీద నిలువుగా గీత గీసి, ఎడమపక్క కథకుడు ఏమన్నాడో, కుడిపక్క అదే సన్నివేశంలో ఊరుగ్‌కి ఏం జరిగిందో రాయండి. చెరువు సన్నివేశం తీసుకోండి. రాత్రిపూట తెప్ప విరిగి చిన్నపిల్లవాడైన కథకుడు నీళ్ళలో పడితే, రక్షించబోయిన ఊరుగ్ తండ్రి నీటితీగల్లో చిక్కుకుని చనిపోతాడు. ఆ తర్వాత ఊరుగ్ బడి ఖర్చు తోట దొర భరిస్తాడు. ఎడమపక్క ‘ఇద్దరం కలిసి చదువుకున్నాం’ అని ఉంటుంది. కుడిపక్క ఏం రాయాలో అక్కడ ఆగి ఆలోచించండి. ఊరుగ్ మనసులో మాట మీకు ఎక్కడా దొరకదు. ఖాళీగా మిగిలిన గళ్ళను ఊహతో నింపేయకండి, ఎన్ని ఖాళీలున్నాయో లెక్కపెట్టండి.

తరచూ జరిగే పెద్ద పొరపాటు కథకుణ్ణి రచయిత్రి అనుకోవడం. అతను చూడలేకపోయినవి చూపించడానికే ఆమె అతన్ని కథకుణ్ణి చేసిందని నా అభిప్రాయం. అయితే ఈ పుస్తకం మీద అభ్యంతరం కూడా ఉంది. డచ్ ఇండీస్ (అంటే నేటి ఇండోనేషియా) రచయిత త్యాలీ రాబిన్‌సన్ 1948లోనే ఈ స్నేహ చిత్రణ నిజానికి దూరమని విమర్శించాడు. మీ కాగితం నిండాక ఆ విమర్శను గుర్తు చేసుకుంటే దానికి ఎంత బలముందో మీరే తేల్చుకోగలరు.

తేదీలూ దగ్గర పెట్టుకోండి. స్వాతంత్ర్యం ప్రకటించుకున్న ఇండోనేషియా మీద డచ్ సైన్యం మొదటి దాడి జులై 1947లో, రెండోది డిసెంబరు 1948లో. ఆ రెంటి మధ్య ఈ నవల డచ్ పుస్తక వారోత్సవపు కానుకగా, రచయిత పేరు లేకుండా పాఠకుల చేతికి వెళ్ళింది. ఎవరు రాశారో ఊహించమన్నారు. యుద్ధం నడుస్తుండగానే చదివారన్నమాట.

‘హేరెన్ ఫాన్ ద తే’ (ఇంగ్లీషులో ‘ద టీ లార్డ్స్’) చదివే పద్ధతి వేరు. జావాలోని గంబుంగ్ తేయాకు తోటను నిలబెట్టిన రుడాల్ఫ్ కెర్క్‌హోవెన్, అతని భార్య జెన్నీల కుటుంబ ఉత్తరాల మీద అల్లిన నవల ఇది. వేగంగా చదివితే తోట లెక్కలు, అన్నదమ్ముల పట్టింపులే కనిపిస్తాయి. జెన్నీ పేరు వచ్చిన ప్రతిచోటా అంచున గుర్తు పెట్టండి. ఆ గుర్తులను మాత్రమే వరసగా మళ్ళీ చదివితే, కాన్పుల మధ్య, ఒంటరితనంలో నలిగిపోతున్న మనిషి కథ విడిగా బయటికొస్తుంది. కూలీల గొంతు ఎంత తక్కువ వినిపిస్తుందో కూడా గమనించండి. ఉత్తరాలు రాసినవాళ్ళు దొరలు కదా.

‘స్లూటెలోఖ్’ చివర ఎందుకంటే, అందులో వృద్ధురాలైన హెర్మా తన చిన్ననాటి స్నేహితురాలి గురించి తనకేం తెలుసో వెతుక్కుంటుంది. కాగితాలన్నీ నల్లచేవ పెట్టెలో ఉన్నాయి, తాళంచెవి లేదు. ‘ఊరుగ్’ చదివినప్పటి కాగితాన్నే పక్కన పెట్టుకుని ఇది చదవండి. ఈసారి ఎడమపక్క ఉన్నామె తన గడులను తానే కొట్టేసి తిరగరాస్తుంది.