కొబ్బరి నీడలో నిండని బ్యాటరీ

దిండిలో వశిష్ఠ గోదావరి పక్కన, కొబ్బరితోటలో మా క్యాంపర్ వ్యాను, అంటే లోపలే పడుకునే వీలున్న బండి, ఆపుకున్నాం. చల్లటి నీడ, ప్రాణం లేచొచ్చింది. రెండో రాత్రికే, వ్యాను కప్పు మీది సోలార్ ప్యానెల్ నింపే బ్యాటరీతో నడిచే ఫ్యాను నీరసంగా తిరిగింది. బ్యాటరీకి మీటరు పెడితే 11.9 వోల్టులు. లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండితే 12.6 దాకా చూపాలి. బ్యాటరీ పోయిందనే అనుకున్నా.

పొద్దున పైకెక్కి చూస్తే, సోలార్ ప్యానెల్ మీద ఒక్క కొబ్బరిమట్ట నీడ, ఈనె ఈనెకీ గీత గీసినట్టు పడుంది. లోపల కరెంటు పుట్టించే చిన్న పలకలు, అంటే 36 సెల్సూ, ఒకదాని వెనక ఒకటిగా వరసగా కలిపినవి. కొన్నింటిమీద నీడ పడినా కరెంటు బాగా పడిపోతుంది.

"ఎండంతా గట్టు మీదుందండీ, తోటలో ఎక్కడిదండీ" అన్నారు తోట పెద్దాయన.

ప్యానెల్ విప్పి గట్టున దక్షిణానికి వాల్చి, మందపాటి రాగి తీగ లాగాను. సన్నదైతే దారిలోనే వోల్టేజి తగ్గుతుంది. మధ్యాహ్నానికి ఛార్జింగ్ వోల్టేజి 14.2కి చేరింది; ఛార్జవుతున్నప్పుడు 12.6 కన్నా ఎక్కువే చూపుతుంది. వ్యాను మాత్రం నీడలోనే ఉంచాం, కాయల్లేని చెట్టు చూసుకుని.