రేణిగుంటలో విమానం ఎక్కేముందు: ఏది చూపించాలి, ఏది అక్కర్లేదు

తిరుపతి నుంచి రేణిగుంట విమానాశ్రయం 15 కిలోమీటర్లే కదా అని ఆఖరి నిమిషంలో చేరేవాళ్లు ఎక్కువ. హడావుడిలో ఉన్న మనిషి అడిగిందల్లా ఇచ్చేస్తాడు, లేదా చిన్నమాటకే గొడవకు దిగుతాడు. రెండు గంటల ముందే చేరుకోండి.

గేటు దగ్గర ఆధార్ కార్డే చూపాలన్న నియమం లేదు. దేశంలోపల తిరగడానికి ఓటరు కార్డు, పాన్, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు, ఫొటో ఉన్న పెన్షన్ కార్డు, వీటిలో ఒకటి చాలు. టికెట్‌లో పేరు మాత్రం కార్డులో ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు ముందూ వెనకా కావడం మనవాళ్లకు తరచూ వచ్చే చిక్కు, టికెట్ కొన్న రోజే సరిచూసుకోండి.

ముఖం గుర్తుపట్టి లోపలికి పంపే డిజియాత్ర 2022 డిసెంబరు 1న ఢిల్లీ, బెంగళూరు, వారణాసిలో మొదలై తర్వాత మరిన్ని చోట్లకు వచ్చింది. అది ఐచ్ఛికం. అయినా ప్రవేశద్వారం దగ్గర సిబ్బంది సరిగా చెప్పకుండానే ఫొటో తీసి నమోదు చేస్తున్నారని ప్రయాణికులు ఫిర్యాదు చేశారు. ఎవరైనా కెమెరా మీ ముఖం వైపు తిప్పితే ‘ఇది డిజియాత్రేనా?’ అని అడగండి. ఇష్టం లేకపోతే ‘వద్దండీ, కార్డు చూసి పంపండి’ అంటే సరిపోతుంది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తేల్చింది. క్యూలో నిలబెట్టి తీసుకున్న తలూపును సమ్మతి అనడం అన్యాయం.

పవర్ బ్యాంకు చెకిన్ బ్యాగులో పెట్టకండి, చేతిసంచిలోనే ఉండాలి. హద్దు 100 వాట్ అవర్లు; 20,000 ఎంఏహెచ్‌ది సుమారు 74. ఫోను ట్రేలో పెట్టాలి గానీ, అందులోని మెసేజీలు చదవడం ఈ తనిఖీలో భాగం కాదు.

లడ్డూలకు ఇబ్బంది లేదు. కొబ్బరికాయను మాత్రం చేతిసంచిలో రానివ్వరు. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ, మండే గుణం ఉంది కాబట్టి దాన్నీ ప్రమాదకర సరుకుగా చూస్తారు. అయ్యప్ప భక్తుల ఇరుముడిలోని కొబ్బరికాయకు 2025 జనవరి 20 దాకా సడలింపు ఇచ్చారు, అదీ తనిఖీ చేశాకే. భక్తినీ భద్రతనూ కలిపి చూడొచ్చనడానికి ఇది మంచి ఉదాహరణ.

ఆడవాళ్లను తడిమి చూసేది మహిళా సిబ్బందే, తెర చాటునే. తాళి, మెట్టెల దగ్గర డిటెక్టర్ మోగితే అవేమిటో చెప్పండి. కృత్రిమ కాలు, పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పి విడిగా గదిలో చూడమనండి. నటి సుధా చంద్రన్ తన కృత్రిమ కాలు తీయించడంపై గళమెత్తాక 2021లో, విమానాశ్రయాల్లో తనిఖీలు చేసే కేంద్ర బలగం సీఐఎస్ఎఫ్ క్షమాపణ చెప్పింది. తనిఖీయే వద్దంటే మాత్రం విమానం ఎక్కనివ్వరు. బాంబు మాట సరదాకి కూడా వద్దు.

అవమానం జరిగితే సమయం, గేటు, నేమ్‌ప్లేటు మీది పేరు రాసుకుని ఆరోజే కేంద్ర విమానయాన శాఖ ఫిర్యాదుల పోర్టల్ ఎయిర్‌సేవలో ఫిర్యాదు పెట్టండి. సీసీటీవీ దృశ్యాలను భద్రపరచమని అందులోనే కోరండి. సీఐఎస్ఎఫ్‌కు సమాచార హక్కు చట్టం నుంచి మినహాయింపు ఉంది, అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు తప్ప. అందుకే ఆ చట్టం కింద వివరాలు అడిగితే, దరఖాస్తులో ‘మానవ హక్కుల ఉల్లంఘన’ అని స్పష్టంగా రాయాలి.

గొడవ చేశారని విమాన సంస్థ నిషేధం పెడితే, దాని అంతర్గత కమిటీ 30 రోజుల్లో తేల్చాలి. ఆ నిర్ణయంపై అప్పీలుకు గడువు 60 రోజులు.