కుక్కతో ఫ్రాన్స్‌కి మోటార్‌హోమ్‌లో బయల్దేరే ముందు

ఈస్టర్ సెలవులు దగ్గరపడుతున్నాయంటే మాకు ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, మీరు పండుగాణ్ణి కూడా ఫ్రాన్స్ తీసుకెళ్లారు కదా, మేమూ ఈసారి మోటార్‌హోమ్ అద్దెకు తీసుకుంటున్నాం, ఏమేం చూసుకోవాలి?" అని. పండు మా లాబ్రడార్, ఏడేళ్లవాడు. ఇంగ్లాండ్‌లో రెడింగ్ దగ్గర మా ఇల్లు. వంటా పడకా అన్నీ లోపలే ఉండే మోటార్‌హోమ్‌లో వాడితో నాలుగుసార్లు ఫ్రాన్స్ వెళ్లొచ్చాం. ఫోన్లో ప్రతిసారీ ఏదో ఒకటి మర్చిపోతున్నాను. అందుకే కూర్చుని రాస్తున్నాను.

రూటు, క్యాంప్‌సైట్ల బుకింగ్, పిల్లలకి తినుబండారాలు, ఇవన్నీ మనం బాగానే చూసుకుంటాం. పొరపాట్లు జరిగేది కుక్క విషయంలో. అదీ ఎక్కువగా రెండు చోట్ల: తేదీల దగ్గర, మిట్టమధ్యాహ్నం ఎండ దగ్గర. ప్రయాణం ప్లాన్ మన సెలవుల లెక్కతో కాక కుక్క లెక్కతో వేసుకుంటే సగం టెన్షన్ పోతుంది.

ముందు కాగితాలు. బ్రిటన్‌లో ఇచ్చిన పాత పెట్ పాస్‌పోర్ట్ 2021 జనవరి 1 నుంచి యూరప్‌లో చెల్లదు. దాని బదులు యానిమల్ హెల్త్ సర్టిఫికెట్ కావాలి. ట్రిప్పు ట్రిప్పుకీ కొత్తది తీసుకోవాలి. ఫ్రాన్స్‌లో అడుగుపెట్టే రోజుకి ముందు 10 రోజుల లోపల రాయించినదై ఉండాలి. అన్ని వెట్‌లూ (పశువుల డాక్టర్లు) ఇది రాయలేరు, దానికి అనుమతి ఉన్న అఫీషియల్ వెట్టే రాయాలి. సెలవుల సీజన్లో వాళ్ల అపాయింట్‌మెంట్లు దొరకవు కాబట్టి నెల ముందే స్లాట్ పట్టుకోండి.

వరస కూడా ముఖ్యం. మొదట మైక్రోచిప్ (చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్), తర్వాత రేబీస్ టీకా, ఆ తర్వాత 21 రోజులు ఆగాలి. చిప్ కంటే ముందు వేసిన టీకా లెక్కలోకి రాదు. కుక్కపిల్లకి 12 వారాలు నిండాకే ఈ టీకా వేస్తారు, అంటే 15 వారాల లోపు పిల్లని తీసుకెళ్లే మాటే లేదు. బూస్టర్ గడువు ఒక్కరోజు దాటినా మళ్లీ టీకా, మళ్లీ 21 రోజులు. ఈ వ్యాసం చదవడం ఆపి ముందు మీ కుక్క టీకా కార్డు తీసి చూడండి.

మనలో ఇంకా ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లకి ఇంకో చిక్కు ఉంది. మనకి షెంగెన్ వీసా (ఫ్రాన్స్‌తో సహా చాలా యూరప్ దేశాలకి చెల్లే వీసా) కావాలి, దానికి వారాలు పడుతుంది. కుక్క సర్టిఫికెట్ ఏమో పది రోజుల సరుకు. వీసా చేతికి రాకుండా సర్టిఫికెట్ రాయించుకుంటే ఆ డబ్బు నీళ్లపాలే.

తిండి సంగతి చాలామందికి తెలియదు. బ్రిటన్ నుంచి యూరప్‌లోకి మాంసం, పాలు, వాటితో చేసినవి తీసుకెళ్లకూడదు. మామూలు డాగ్ ఫుడ్ కూడా ఇందులోకే వస్తుంది. ఆవకాయ జాడీకి భయం లేదు కానీ పెరుగు డబ్బా, నెయ్యి సీసా ఇంటి దగ్గరే వదిలెయ్యాలి. మా పండుకి రాత్రిపూట పెరుగన్నం లేనిదే నిద్ర పట్టదు. అందుకే ఫ్రాన్స్‌లో దిగగానే మా మొదటి మజిలీ సూపర్‌మార్కెట్. వాడు తినే కంపెనీ తిండి అక్కడ దొరుకుతుందో లేదో ముందే చూసుకోండి. దొరకదంటే, అక్కడ దొరికే రకాన్ని రెండు వారాల ముందు నుంచే కొంచెం కొంచెం కలిపి అలవాటు చెయ్యండి. ఉన్నట్టుండి తిండి మారిస్తే విరేచనాలు పట్టుకుంటాయి. మోటార్‌హోమ్ లాంటి ఇరుకు చోట అది కుక్కకీ నరకం, మనకీ నరకం.

ఇక అన్నిటికంటే ఎక్కువమంది తడబడేది తిరుగు ప్రయాణం మాత్ర దగ్గర. బ్రిటన్‌లోకి తిరిగి రావాలంటే కుక్కకి బద్దెపురుగుల మందు వెట్ చేత వేయించాలి. మనం కొని వేస్తే కుదరదు. బ్రిటన్ చేరే సమయానికి 24 గంటల కంటే ముందు, 120 గంటలు దాటకుండా వేయాలి. శనివారం సాయంత్రం 6 గంటలకి చేరతారనుకుంటే, సోమవారం సాయంత్రం 6 నుంచి శుక్రవారం సాయంత్రం 6 లోపల. నేనైతే మధ్యలో పడే బుధవారమో గురువారమో పెట్టుకుంటాను. దారిలో బండి చెడిపోయి ఒకరోజు ఆలస్యమైనా గడువు మిగులుతుంది. ఫ్రాన్స్‌లో ఆదివారాలు క్లినిక్‌లు మూసి ఉంటాయి, పైగా జులై 14, ఆగస్టు 15 జాతీయ సెలవులు. మే నెలలో అయితే 1, 8 తేదీలతో పాటు ఒక గురువారం, ఒక సోమవారం కూడా సెలవు పడే ఏడాదులే ఎక్కువ. క్యాలెండర్ చూడకుండా అపాయింట్‌మెంట్ పెట్టుకోవద్దు.

మా రెండో ట్రిప్పులో ఏం జరిగిందో చెప్తాను. ఫ్రాన్స్ తీరంలోని కలేకి గంట దూరంలో ఒక చిన్న ఊరి క్లినిక్‌లో మాత్ర వేయించాం. డాక్టరు గారు పండుని ముద్దు చేశారు, మాత్ర మింగించారు, సర్టిఫికెట్ మీద స్టాంప్ వేసి సంతకం పెట్టి తేదీ రాసిచ్చారు. థాంక్స్ చెప్పి వచ్చేశాం. మర్నాటి మర్నాడు పొద్దున కలేలో పెంపుడు జంతువుల కౌంటర్ దగ్గర ఆవిడ పండు భుజం మీద స్కానర్ పెట్టి చిప్ నంబర్ చూసుకున్నారు, కాగితం తిప్పారు, ఒకచోట వేలు పెట్టి ఆగిపోయారు. తేదీ పక్కన టైమ్ రాయాల్సిన గడి ఖాళీ. తేదీ ఒక్కటే చాలదట, టైమ్ కూడా రాసి ఉండాల్సిందే. మళ్లీ గంట వెనక్కి. వెళ్లేసరికి క్లినిక్ మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా మూత. మా ఆయన, నేను, వెనక సీట్లో ఏమీ అర్థంకాక మా మొహాలు చూస్తున్న పండు, ఆ తలుపు ముందు రెండు గంటలు. బండితో సహా ఎక్కాల్సిన సముద్రం కింది సొరంగం రైలు పోయింది, రాత్రి దానిలో వచ్చాం. అప్పట్నుంచి క్లినిక్ గడప దాటకముందే నాలుగు చూస్తాను: మందు పేరు, తేదీ, టైమ్, స్టాంపు మీద సంతకం. మీరూ అక్కడే నిలబడి చూడండి, మొహమాటం వద్దు.

సముద్రం దాటడానికి కుక్క ఉన్నవాళ్లకి నా ఓటు సొరంగం రైలుకే. ఫోక్‌స్టన్ నుంచి కలే వైపుకి 35 నిమిషాలు, కుక్క మన బండిలో మన పక్కనే ఉంటుంది. ఓడలో అయితే డోవర్ నుంచి గంటన్నర, చాలాసార్లు కుక్కని కింద బండ్ల అంతస్తులో ఒంటరిగా వదలాలి. రైలు ఎక్కేముందు వంటగ్యాస్ సిలిండర్ వాల్వ్ మూసెయ్యాలి. ఎల్పీజీతో నడిచే బండ్లని అసలు ఎక్కనివ్వరు.

ఇప్పుడు ఎండ. మన ఊళ్లలో ఎండలు చూసినవాళ్లం కదా, ఫ్రాన్స్ ఎండ ఏపాటిది అనుకుంటాం. 2019 జూన్ 28న దక్షిణ ఫ్రాన్స్‌లోని వెరార్గ్ అనే ఊళ్లో 46 డిగ్రీలు కొట్టింది. రామగుండంలో రోహిణి కార్తె ఎండకి అది ఏమాత్రం తీసిపోదు. మోటార్‌హోమ్ అంటే రేకు డబ్బా. నీడలో పెట్టామనుకున్న బండి మీదికి రెండు గంటల్లో ఎండ తిరుగుతుంది. పైన ఫ్యాన్ ఉందనో ఏసీ ఉందనో కుక్కని లోపల వదిలి ఊరు చూడ్డానికి వెళ్లకండి. ఎందుకంటే ఫ్రాన్స్ క్యాంప్‌సైట్లలో చాలాచోట్ల ఇచ్చే కరెంటు 6 యాంప్‌లే, అంటే సుమారు 1,380 వాట్లు. ఏసీ నడుస్తుండగా ఎవరో ఒకరు రైస్ కుక్కరో కెటిలో పెట్టారా, కరెంటు ఆగిపోతుంది. దాన్ని మళ్లీ వేసే స్విచ్ ఉండే పెట్టెకి కొన్నిచోట్ల తాళం, క్యాంప్ మనిషిని పిలవాలి. ఇదంతా మీరు ఊళ్లో తిరుగుతుండగా జరిగితే, లోపల ఉన్న కుక్క గతి ఏంటో ఆలోచించండి. జులై, ఆగస్టుల్లో మా పద్ధతి ఒకటే. పొద్దున తొమ్మిది లోపు నడక, మధ్యాహ్నం అందరం చెట్టు కింద, మళ్లీ సాయంత్రం ఏడు తర్వాత. మ్యూజియం చూడాలంటే ఒకరు లోపలికి, ఒకరు కుక్కతో బయట, వంతుల వారీగా. రెస్టారెంట్లలో బయట టేబుళ్ల దగ్గర కుక్కని చాలామంది సంతోషంగా రానిస్తారు, అడగంగానే గిన్నెతో నీళ్లు కూడా తెచ్చి పెడతారు.

తారు రోడ్డు మీద నడిపించే ముందు అరచెయ్యి వెనక భాగాన్ని రోడ్డుకి ఆనించి ఏడు సెకన్లు ఉంచి చూడండి. మీరు ఉంచలేకపోతే వాడి పాదాలూ ఉంచలేవు.

కుక్కకి వడదెబ్బ తగిలితే ఇలా తెలుస్తుంది: రొప్పు ఆగదు, లాలాజలం జిగటగా కారుతుంది, చిగుళ్లు ఎర్రబడతాయి, నడక తూలుతుంది, వాంతి కావచ్చు. అప్పుడు ముందు చల్లబరచడం, తర్వాతే ఆసుపత్రి. ఒంటి మీద నీళ్లు పోస్తూ విసరండి. తడి టవల్ కప్పేసి వదిలెయ్యకండి, అది వేడిని లోపలే పట్టి ఉంచుతుంది.

ఈస్టర్‌కి వెళ్లేవాళ్లకి ఎండ కంటే పెద్ద ప్రమాదం వేరే ఉంది, దీని గురించి మాకు ఎవరూ చెప్పలేదు. పైన్ చెట్ల గొంగళి పురుగులు. మన పెరట్లో మునగచెట్టుకి పట్టే గొంగళి పురుగు తగిలితే ఎంత దురదో తెలుసు కదా, దానికి పదింతలు అనుకోండి. చలికాలమంతా పైన్ కొమ్మల చివర దూది ఉండల్లాంటి తెల్లటి గూళ్లలో ఉండి, జనవరి నుంచి ఏప్రిల్, మే దాకా కిందికి దిగుతాయి. ఒకదాని వెనక ఒకటి, తోకకి తల ఆనించి, తాడులా నేలమీద పాకుతూ పోతాయి. పండు ఆ తాడు దగ్గర ముక్కు పెట్టడం నా కళ్లారా చూశాను. లాండ్ ప్రాంతంలో, మిమిజాన్ దగ్గర, ఏప్రిల్ నెల. ఇసుక దారి, రెండు వైపులా పైన్ తోటలు. నేను బెల్ట్ లాగేలోపే నాకేశాడు. రెండు నిమిషాల్లో నురగలు కక్కుతూ ముందు కాలితో మూతి రుద్దుకోవడం మొదలుపెట్టాడు. గ్లౌజులు వేసుకుని సీసాల కొద్దీ నీళ్లతో నోరు కడిగాం, రుద్దకుండా. రుద్దితే పురుగు ఒంటి నుంచి అంటుకున్న సన్నటి నూగు విరిగి ఇంకా లోపలికి దిగి విషం వదులుతుంది. వెంటనే వెట్ దగ్గరికి పరిగెత్తాం, ఇంజెక్షన్లు ఇచ్చారు. అయినా నాలుక అంచు ఒకచోట నల్లబడి, వారానికి ఊడిపోయింది. ఇప్పుడు బాగానే తింటాడు, కానీ ఆవలించినప్పుడల్లా ఆ నొక్కు కనిపిస్తుంది. ఆ నెలల్లో పైన్ చెట్ల కింద పార్క్ చెయ్యకండి, తెల్ల గూళ్లు కనిపిస్తే ఆ దారి వదిలెయ్యండి, కుక్క బెల్ట్ పొట్టిగా పట్టుకోండి.

పిడుదుల సంగతి మనకి కొత్త కాదు, కానీ ఫ్రాన్స్ పిడుదులు ఎర్ర రక్తకణాల్ని నాశనం చేసే బబీసియోసిస్ అనే జబ్బు అంటిస్తాయి. అక్కడ దాన్ని పిరోప్లాస్మోజ్ అంటారు. కుక్క నీరసపడి, మూత్రం కాఫీ రంగులో వస్తే ఒక్కరోజు కూడా ఆగకండి. దక్షిణాన మధ్యధరా వైపు వెళ్తే లీష్మేనియాసిస్ అనే జబ్బు మోసుకొచ్చే సాండ్‌ఫ్లైలు ఉంటాయి, దోమ కంటే చిన్నవి, పొద్దుగూకాక కుడతాయి. పిడుదుల మాత్ర ఒక్కటే చాలదు, ఈగల్ని కుట్టనివ్వకుండా తరిమే మందు మెడ పట్టీ కావాలి. ఏ ప్రాంతానికి వెళ్తున్నారో చెప్పి, బయల్దేరే ముందే మీ వెట్‌ని అడగండి. పట్టీ మందు ఒంటికి పట్టడానికి కూడా కొన్ని రోజులు పడుతుంది.

వేసవిలో ఎండిన గడ్డి వెన్నులు ఇంకో బెడద. ఫ్రెంచ్‌లో ఎపియే అంటారు. ముల్లులా ముందుకే పోతాయి తప్ప వెనక్కి రావు. వేళ్ల మధ్య, చెవుల్లో, ముక్కులో దూరతాయి. నడక అయ్యాక రోజూ ఐదు నిమిషాలు కాళ్లు, చెవులు తడిమి చూడండి. ఉన్నట్టుండి తల విదిలిస్తూ ఒకవైపే వంచాడంటే చెవిలో దూరిందన్నట్టే.

నది కనిపిస్తే లాబ్రడార్ ఆగుతుందా? కానీ 2017 వేసవిలో ల్వార్ నదిలో దిగిన కుక్కలు సైనోబాక్టీరియా అనే నీటి పాచి విషంతో చనిపోయాయి. నీటిమట్టం తగ్గి, రాళ్ల మీదా ఒడ్డునా పాచి తెట్టుగా కట్టినచోట దించకండి, ఆ తెట్టు నాకనివ్వకండి.

కొండల మీద మందలు కాసే తెల్లటి పెద్ద కుక్కలు ఉంటాయి, పటూ అంటారు. తోడేళ్ల నుంచి గొర్రెల్ని కాపాడటం వాటి పని. మన కుక్క కూడా వాటి కంటికి తోడేలే. మంద కనిపిస్తే దూరంగా చుట్టు తిరిగి వెళ్లండి. ఎదురొస్తే పరుగెత్తకండి, అరవకండి, ఆగి మెల్లగా వెనక్కి తగ్గండి. వనాయిజ్, ఎక్రాన్, మెర్కాంటూర్, పిరనీస్ నేషనల్ పార్కుల లోపలి భాగంలోకి కుక్కని బెల్ట్ కట్టినా రానివ్వరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 30 దాకా అడవుల్లో దారి వదిలి లోపలికి వెళ్తే బెల్ట్ తప్పనిసరి. వేసవిలో చాలా బీచ్‌లలో కుక్కలకి ప్రవేశం లేదు, ఊరిని బట్టి బోర్డు ఉంటుంది. రాట్‌వైలర్, అమెరికన్ స్టాఫర్డ్‌షైర్ పెంచేవాళ్లు ఫ్రాన్స్ చట్టం తప్పకుండా చదవండి, వంశావళి కాగితాలు లేని పిట్‌బుల్ రకాలని దేశంలోకే రానివ్వరు.

బండి గురించి రెండు మాటలు. మనలో చాలామందికి ఉన్న బి లైసెన్స్‌తో (మామూలు కారు లైసెన్స్) 3.5 టన్నుల మోటార్‌హోమ్ నడపొచ్చు, కానీ ఆ బరువులో నీళ్లు, సామాను, మనుషులు, కుక్క అన్నీ కలిపే లెక్క. 100 లీటర్ల ట్యాంక్ నింపితే 100 కిలోలు అక్కడే పోయాయి. రాత్రిపూట హైవే పక్క విశ్రాంతి స్థలాల్లో పడుకోకండి, దొంగతనాలు జరుగుతాయి. ఊళ్లలో మోటార్‌హోమ్‌ల కోసమే కట్టిన చోట్లు బోలెడు. బండి కదులుతున్నప్పుడు కుక్క సీటు బెల్ట్‌కి తగిలించిన హార్నెస్‌లోనో క్రేట్‌లోనో ఉండాలి.

తలుపు విషయం మాత్రం ఇంట్లో అందరికీ చెప్పి పెట్టండి, ముఖ్యంగా పిల్లలకి. తెలియని ఊళ్లో బండి తలుపు తెరవగానే దూకి పరిగెత్తిన కుక్కకి ఇల్లు ఏ వైపో తెలియదు. బెల్ట్ తగిలించాకే తలుపు తెరవాలి. మెడ బిళ్ల మీద మీ మొబైల్ నంబర్ ముందు ప్లస్ 44 ఉందో లేదో చూడండి, లేకపోతే అక్కడ దొరికినవాళ్లు మీకు ఫోన్ చెయ్యలేరు. మైక్రోచిప్ రికార్డులో ఉన్నది మీ ఇప్పటి నంబరేనా, పాత ఇంటిదా అన్నది కూడా ఈరోజే లాగిన్ అయి చూసుకోండి.