ఆచూకీ లేని తండ్రికి ఇంకా హక్కులుంటాయా? పిల్లల గార్డియన్‌షిప్ కోసం కోర్టుకు ఎలా వెళ్లాలి?

మా చెల్లెలు మొదటిసారి వకీలుగారి ఆఫీసుకి వెళ్లిన రోజు అడిగింది ఒక్కటే. "వాళ్ల నాన్నకి పాప మీద ఏ హక్కూ లేకుండా చేయాలండీ. దానికేం పిటిషన్ వేయాలి?" ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "ఆ పేరుతో పిటిషన్ లేదమ్మా" అన్నారు. నాలుగేళ్లుగా మనిషి జాడ లేదు, ఫోన్ లేదు, రూపాయి పంపింది లేదు. అయినా పిటిషనే లేదా అని మా ఇద్దరికీ ఒళ్లు మండింది.

ఆయన చెప్పింది నిజమే. అమెరికాలో ఉన్న చుట్టాలు చెబుతుంటారే, 'టెర్మినేషన్ ఆఫ్ పేరెంటల్ రైట్స్' అని, అది అక్కడి రాష్ట్రాల చట్టాల్లో ఉంది. కోర్టు ఒక్క ఆర్డరుతో తండ్రికో తల్లికో బిడ్డతో ఉన్న చట్టబంధాన్ని తెంచేయగలదు. మన దగ్గర అలాంటి కత్తెర లేదు. ఇక్కడ దొరికేది వేరు. బిడ్డకు గార్డియన్ మీరేనని కోర్టు చేత ప్రకటింపజేసుకోవచ్చు, కస్టడీ మీదేనని రాయించుకోవచ్చు. వెళ్లిపోయిన మనిషి పేరు బర్త్ సర్టిఫికెట్‌లో అలాగే ఉంటుంది, కానీ బిడ్డ విషయంలో అతని సంతకం కోసం ఎదురుచూడాల్సిన పని పోతుంది. చాలామందికి నిజానికి కావాల్సింది ఇదే.

ముందు తేల్చుకోండి: అసలు కోర్టు అవసరమా?

నేను చూసినంతలో సగం మంది పాస్‌పోర్టు దగ్గర ఆగిపోయి కోర్టు మాట ఎత్తుతారు. దానికి కోర్టు అక్కర్లేదు. 2016 డిసెంబరులో నిబంధనలు మారాయి. దరఖాస్తులో తల్లి, తండ్రి ఇద్దరిలో ఒకరి పేరుంటే చాలు. రెండోవారి సమ్మతి దొరకనప్పుడు ఎందుకు దొరకలేదో చెబుతూ అనెగ్జర్ సి అనే డిక్లరేషన్ మామూలు తెల్ల కాగితం మీద రాసివ్వొచ్చు. పాన్ కార్డుకీ అంతే. తల్లి ఒక్కతే పేరెంట్ అయితే తండ్రి పేరు తప్పనిసరి కాదని 2018 డిసెంబరు నుంచి అమల్లో ఉంది.

బ్యాంకులోనో స్కూల్లోనో "తండ్రి సంతకం కావాలి" అంటే గీతా హరిహరన్ కేసు గుర్తుచేయండి. హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 1956 సెక్షన్ 6లో మైనరుకు సహజ సంరక్షకుడు తండ్రి, 'ఆయన తర్వాత' తల్లి అని ఉంటుంది. ఆ 'తర్వాత' అంటే తండ్రి చనిపోయాక అని కాదు, తండ్రి లేని పరిస్థితిలో అని సుప్రీంకోర్టు 1999లో చెప్పింది. బిడ్డను బొత్తిగా పట్టించుకోని తండ్రి కూడా లేనట్టే లెక్క. పెళ్లికాని తల్లి అయితే తండ్రి పేరు చెప్పకుండా, అతనికి నోటీసు పంపకుండానే గార్డియన్‌షిప్ అడగొచ్చని 2015లో ఇంకో తీర్పు వచ్చింది.

మరి కోర్టు ఎప్పుడు కావాలి? అతను ఏదో ఒకరోజు స్కూలు గేటు దగ్గర ప్రత్యక్షమై పిల్లను తీసుకుపోతాడన్న భయం ఉన్నప్పుడు. బిడ్డతో వేరే దేశానికి వెళ్లి స్థిరపడాలనుకున్నప్పుడు. బిడ్డ పేరు మీద ఆస్తి ఉన్నప్పుడు. మీరు మళ్లీ పెళ్లి చేసుకుంటే, ఆ కొత్త భర్త బిడ్డను దత్తత తీసుకోవాలనుకున్నప్పుడు. ఎన్ని తీర్పులు చూపించినా "కోర్టు ఆర్డర్ తెండి" అనే ఆఫీసు ఎదురైనప్పుడు కూడా.

ఏం అడగాలి?

విడాకుల కేసు వేసే ఆలోచన ఉంటే కస్టడీ కూడా అందులోనే అడగొచ్చు. హిందూ వివాహ చట్టం సెక్షన్ 26 అందుకే ఉంది. రెండేళ్లకు తక్కువ కాకుండా వదిలేసి పోవడం విడాకులకు ఒక కారణం కూడా. విడాకులు ఇదివరకే అయిపోయాయా? ఆ డిక్రీ మళ్లీ ఒకసారి చదవండి, కస్టడీ గురించి ఒక వాక్యం అందులోనే ఉండొచ్చు.

విడాకులతో సంబంధం లేకుండా పిల్లల సంగతే తేల్చుకోవాలంటే గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం, 1890 కింద వెళ్లాలి. ఇది అన్ని మతాల వాళ్లకీ వర్తిస్తుంది. కోర్టు భాషలో ఈ పిటిషన్‌ని జి.డబ్ల్యు.ఓ.పి. అంటారు.

"ఏడేళ్లు కనపడకపోతే చనిపోయినట్టే కదా" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. సగమే నిజం. తెలియాల్సిన వాళ్లకు ఏడేళ్లుగా ఏ కబురూ లేకపోతే బతికే ఉన్నాడని నిరూపించే భారం అలా అనేవాళ్ల మీద పడుతుంది. దానికీ సివిల్ కోర్టు చేత చెప్పించుకోవాలి. పైగా అతను ఎక్కడో బతికే ఉన్నాడని మీకు తెలిస్తే ఆ దారి మీది కాదు.

దత్తత సంగతి కొంచెం చిక్కు. బంధం నిజంగా తెగేది దత్తతలోనే. కానీ హిందూ దత్తత చట్టం సెక్షన్ 9 ప్రకారం బిడ్డను దత్తత ఇవ్వడానికి తల్లిదండ్రుల్లో రెండోవారి సమ్మతి కావాలి. సన్యాసం తీసుకుంటేనో, హిందూమతం వదిలేస్తేనో, మతిస్థిమితం లేదని కోర్టు ప్రకటిస్తేనో తప్ప మినహాయింపు లేదు. 'పారిపోయాడు' అన్నది ఆ జాబితాలో లేదు. జువెనైల్ జస్టిస్ చట్టం కింద సవతి తండ్రి దత్తతకు వేరే దారి ఉంది, 2022 సెప్టెంబరు నుంచి ఆ ఆర్డర్లు కలెక్టరు ఇస్తున్నారు. అయితే కస్టడీ మీద కేసు నడుస్తుంటే ముందు అది తేలాలి. కాబట్టి దత్తత ఆలోచన ఉన్నా మొదటి మెట్టు గార్డియన్‌షిప్ పిటిషనే. ఇంకోమాట, పెళ్లి చేసుకున్నంత మాత్రాన సవతి తండ్రి బిడ్డకు సహజ సంరక్షకుడు కాడు.

ఇక్కడే ఒక జాగ్రత్త. ఆవేశంలో "మాకు ఆయన దగ్గర్నుంచి పైసా వద్దు" అని పిటిషన్‌లో రాయించకండి. గార్డియన్‌షిప్ మీకు వచ్చినా అతను తండ్రి కాకుండా పోడు. పోషణ ఖర్చు ఇవ్వాల్సిన బాధ్యతా, అతని ఆస్తిలో బిడ్డకు వచ్చే వాటా అలాగే ఉంటాయి. అవి బిడ్డవి, మన కోపానికి వదిలేసే సొమ్ము కాదు. అతని జాడ తెలిసిన రోజున కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బి.ఎన్.ఎస్.ఎస్. సెక్షన్ 144 కింద మెయింటెనెన్స్ అడగొచ్చు. పాత సి.ఆర్.పి.సి. 125 అంటే అదే.

ఎక్కడ, ఎవరితో వేయించాలి?

బిడ్డ మామూలుగా ఎక్కడ ఉంటోందో ఆ ఊరి మీద అధికారం ఉన్న కోర్టులో. పెళ్లి ఎక్కడ జరిగింది, అతని సొంతూరు ఏది అన్నది లెక్కలోకి రాదు. ఫ్యామిలీ కోర్టు ఉంటే అక్కడ, లేకపోతే జిల్లా కోర్టులో. బిడ్డ ఆస్తి విషయం కూడా ఉంటే జిల్లా కోర్టుకే వెళ్లాల్సి రావచ్చు, వేసేముందు అడిగి తెలుసుకోండి.

ఫీజుకి డబ్బు లేదని ఆగకండి. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, 15100కి ఫోన్ చేసినా చాలు.

పిటిషన్ ఎలా రాయించాలి?

బిడ్డ పుట్టినతేదీ, మతం, ఉంటున్న చోటు, ఆస్తి ఉంటే దాని వివరం, దగ్గరి బంధువుల పేర్లు, ఇంతకుముందు ఇలాంటి పిటిషన్ వేశారా లేదా, ఇప్పుడు ఎందుకు వేస్తున్నారు: ఇవన్నీ ఉండాలని గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం సెక్షన్ 10 చెబుతుంది. దీంతోపాటు "గార్డియన్‌గా ఉండటానికి నాకు సమ్మతమే" అని మీరు సంతకం చేసిన డిక్లరేషన్ జతచేయాలి. దాని మీద కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. మా పిటిషన్ మొదటిసారి రిటర్న్ అయింది సరిగ్గా ఈ కాగితం దగ్గరే. ఒక్క సాక్షి సంతకమే ఉంది.

అదే చట్టంలో సెక్షన్ 19 అనే ముల్లు ఒకటుంది. తండ్రి బతికుండి, అతను పనికిరాడని కోర్టుకు అనిపించకపోతే వేరేవాళ్లను గార్డియన్‌గా నియమించకూడదని అది చెబుతుంది. కాబట్టి పిటిషన్‌లో అతను బాధ్యత ఎలా వదిలేశాడో స్పష్టంగా కనపడాలి. దుర్మార్గుడు, క్రూరుడు లాంటి విశేషణాలు వద్దు. తేదీలు కావాలి. ఆఖరిసారి ఇంటికి ఎప్పుడు వచ్చాడు, ఆఖరి ఫోన్ ఎప్పుడు, ఆఖరిసారి డబ్బు ఎప్పుడు పంపాడు, అప్పటి నుంచి ఫీజులు ఎవరు కట్టారు. మా చెల్లెలు మొదట రాసిన పది పేజీల్లో తొమ్మిది పేజీలు అత్తగారి మీదే. వకీలుగారు ఓపిగ్గా అన్నీ చదివి, ఒక్క పేజీ ఉంచారు.

సాక్ష్యం కోసం పెద్ద కాగితాలే అక్కర్లేదు. ఒకటో తరగతి నుంచి పాప ప్రోగ్రెస్ కార్డులన్నీ వరసగా పేర్చి చూస్తే పేరెంట్ సంతకం దగ్గర ప్రతిదాంట్లో ఒకటే చేతిరాత. బ్లూ ఇంకు, చివర్లో మా చెల్లెలు గీసే ఆ పొడుగు తోక. "ఇంతకంటే మంచి సాక్ష్యం ఏం కావాలమ్మా" అన్నారాయన. టీకాల కార్డు, హాస్పిటల్ బిల్లులు, ఫీజు రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్, మనిషి తప్పిపోయాడని పోలీసు కంప్లెయింట్ ఇచ్చి ఉంటే దాని కాపీ, అన్నీ దాచుకోండి.

నోటీసు: కేసంతా ఇక్కడే ఉంది

ఆచూకీ లేని మనిషికి నోటీసు ఎలా ఇస్తారు? అందరూ తేలిగ్గా తీసుకునేది, తర్వాత పీకల మీదకు తెచ్చుకునేది ఇదే.

ముందుగా బ్యాటా (నోటీసు పంపే ఖర్చు) కట్టి అతని ఆఖరి అడ్రసుకు నోటీసు పంపిస్తారు. కోర్టు మనిషి ద్వారా ఒకసారి, పోస్టు ద్వారా ఒకసారి. మా కవరు పోస్ట్‌మ్యాన్ ఎర్ర ఇంకు రాతతో తిరిగొచ్చింది: 'ఇల్లు వదిలి వెళ్లారు'. ఆ కవరు చింపకండి, పారేయకండి. మీరు వెతికారనడానికి అదే రుజువు. అతని అమ్మానాన్నల అడ్రసు, పాత ఆఫీసు అడ్రసు, మీకు తెలిసినవన్నీ ఇవ్వండి. కొందరు "ఊరికే వాళ్లకెందుకు తెలియాలి" అని అసలు అడ్రసు దాచేసి తప్పుడు అడ్రసు ఇస్తారు. దయచేసి ఆ పని చేయకండి.

ఎక్కడా దొరకనప్పుడు సబ్‌స్టిట్యూటెడ్ సర్వీస్ (చేతికి ఇవ్వలేని నోటీసును వేరే దారిలో ఇవ్వడం) కోసం పిటిషన్ వేయాలి. కోర్టు ఒప్పుకుంటే అతను ఆఖరిసారి ఉన్న ప్రాంతంలో నడిచే దినపత్రికలో ప్రకటన వేయిస్తారు. ఆ ఖర్చు మీదే. గార్డియన్ కేసుల్లో ఇంకోటి ఉంది. విచారణ తేదీ నోటీసు కోర్టు గోడ మీదే కాదు, బిడ్డ ఉంటున్న ఇంటికీ అతికిస్తారు. అంటే మీ తలుపుకే. పక్కింటివాళ్లు చదువుతారు, అడుగుతారు. ముందే తెలిస్తే టెన్షన్ తగ్గుతుంది.

ఇంత తతంగం ఎందుకంటే, అతను రాకపోతే కేసు ఎక్స్‌పార్టే అవుతుంది, అంటే అతను లేకుండానే తేలుస్తారు. తర్వాత ఎప్పుడో వచ్చి "నాకు నోటీసే అందలేదు" అంటే, తెలిసిన రోజు నుంచి 30 రోజుల్లో ఆ ఆర్డరు కొట్టేయమని అడగొచ్చు. నోటీసు పని పక్కాగా చేసి ఉంటే ఆ మాట నిలబడటం కష్టం.

విచారణ రోజు

మీరు చీఫ్ అఫిడవిట్ (ప్రమాణం చేసి రాసిచ్చే మీ సాక్ష్యం) ఇస్తారు, కాగితాలకు నంబర్లు పడతాయి. తెలిసినవాళ్లు ఒకరిద్దరు, వీలైతే అతని తరఫు బంధువే ఒకరు సాక్ష్యం చెబితే బరువు. జడ్జిగారు చూసేది ఒక్కటే, బిడ్డ సంక్షేమం.

ఊహ తెలిసిన బిడ్డ అయితే ఛాంబర్లో విడిగా మాట్లాడొచ్చు. బిడ్డకు ఏం చెప్పాలో నేర్పించకండి. మా పాపకు అప్పుడు ఎనిమిదేళ్లు. నాన్న గుర్తున్నాడా అని అడిగితే "ఫొటోలో ఉన్నాడు" అందట. నేర్పించి ఉంటే ఆ మాట వచ్చేది కాదు.

ఆర్డరు వచ్చాక

మాకు పద్నాలుగు నెలలు పట్టింది. వాయిదాలు గుర్తుపెట్టుకోవడానికి ఈకోర్ట్స్ యాప్‌లో మీ కేసు సి.ఎన్.ఆర్. నంబరు (ప్రతి కేసుకీ ఉండే గుర్తింపు నంబరు) కొడితే తర్వాతి తేదీ కనిపిస్తుంది.

ఆర్డరు చేతికి రాగానే ఒక విషయం చూసుకోండి. కోర్టు నియమించిన గార్డియన్ బిడ్డను ఆ కోర్టు పరిధి దాటి తీసుకుపోవాలంటే కోర్టు అనుమతి కావాలని గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం సెక్షన్ 26 చెబుతుంది. విదేశం వెళ్లే ఆలోచన ఉంటే ఆ అనుమతి మొదటి పిటిషన్‌లోనే అడిగేయండి. బిడ్డ పేరు మీదున్న ఇల్లో పొలమో అమ్మాలన్నా విడిగా అనుమతి తప్పదు. రేపు అతను తిరిగొచ్చి పిల్లను చూడాలని అడిగితే కోర్టు వారానికోసారో నెలకోసారో చూడనివ్వొచ్చు కూడా. ఆ అవకాశాన్ని గార్డియన్‌షిప్ ఆర్డరు పూర్తిగా మూసేయదు.

సర్టిఫైడ్ కాపీలు ఒకేసారి నాలుగైదు తీసుకోండి. ఒకటి స్కూలుకి, ఒకటి బ్యాంకుకి, ఒకటి బీరువాలోకి. స్కూల్లో ఇచ్చేటప్పుడు ఊరికే ఫైల్లో పెట్టించకుండా, పిల్లను ఎవరితో పంపాలో ఎవరితో పంపకూడదో రాసిచ్చి, అందినట్టు స్టాంపు వేయించుకోండి. తర్వాత ఒక జిరాక్స్ గేటు దగ్గరుండే వాచ్‌మన్‌కి కూడా చూపించండి.